మంచం కింది దిమ్మలు

రిన్సుమ్, 3 డిసెంబరు 1962

నాన్నా,

నీ ఉత్తరం అందింది. అందులో చలి గురించి నాలుగు వాక్యాలున్నాయి, బొగ్గుల గురించి రెండు, నీ గురించి ఒక్కటీ లేదు. నువ్వు ఆరోగ్యంగానే ఉన్నావని లెక్క వేసుకున్నాను. తప్పయితే దిద్దు.

మొన్న మంత్రసాని హాన్స్‌మా గారు ఇంటికి వచ్చింది. నాకంటే ముందు మంచాన్ని పరీక్ష చేసింది. పక్కన నిలబడి, మోకాలు ఆనించి చూసి, "ఇది మంచమా, పీటా?" అంది. "దీనిమీద నీకు పురుడు పోస్తే నా నడుం విరుగుతుంది. తర్వాత పదిరోజులూ నిన్ను చూసుకునే నర్సు నడుమూ విరుగుతుంది. ముగ్గురం బాలింతల్లాగా పడుకుందామా?" మా అత్తయ్య అంత నవ్వు నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

మంచం నేలనుంచి నలభై ఒక్క సెంటీమీటర్లు. డెబ్బై అయిదు ఉండాలట. ఊళ్ళో ఆరోగ్య సంఘం దగ్గర మంచపు కోళ్ళ కింద పెట్టే దిమ్మలు రెండే జతలున్నాయి. ఫిబ్రవరిలో పురుడు రావలసినవాళ్ళం ముగ్గురం. ఆ రెండూ మిగతా ఇద్దరూ ముందే రాయించేసుకున్నారు. అందుకని అమ్మ దిమ్మలు పంపు. ఓక్ చెక్కవి, తాడు కట్టినవి. వాటిని సైకిలు వెనక కట్టుకుని అమ్మ పురుళ్ళు పోయడానికి డెవెంటర్‌లో సగం ఇళ్ళు తిరిగింది కదా, నేనూ వాటిమీదే పుట్టాను. వాటితో పాటు ఉయ్యాల వెచ్చబెట్టే రాగి వేడినీళ్ళ బుడ్లు రెండు, నడికట్టు గుడ్డలు కూడా. పొత్తిగుడ్డలు రెండు డజన్లు కుట్టాను. ఉయ్యాల అత్తయ్య దాచిందే, సీట్సె పుట్టినప్పటిది.

హాన్స్‌మా గారు జనవరి 26న, శనివారం, మళ్ళీ వస్తుంది. అన్నీ అమరి ఉంటే పురుడు ఇంట్లోనే. లేకపోతే లేవార్డెన్ ఆసుపత్రికి పేరు రాసేస్తుంది. నాన్నా, ఆ ఆసుపత్రి మెట్లు నేను మళ్ళీ ఎక్కలేను. మార్చిలో వాటిమీదనుంచి వట్టి చేతులతో దిగాను.

యెన్నెకె

సీట్సె డెయిరీలో ఫోన్ ఉంది, బడికి చేసి అడగమన్నాడు. ఫోన్‌లో నువ్వు "ఊ" తప్ప ఏమీ అనవని చెప్పాను.


డెవెంటర్, 9 డిసెంబరు 1962

యెన్నెకె,

ఆరోగ్యంగానే ఉన్నాను. లెక్క సరైనదే.

రాగి బుడ్లు రెండు, నడికట్టు గుడ్డలు ఆరు, బొడ్డుకట్లు పది పార్సిల్ చేశాను. బుడ్ల మూతల్లో రబ్బరు చుట్లు ఎండిపోయి ఉన్నాయి. కొత్తవి వేయించాను.

అమ్మ ఉంటే చెప్పేది కాబట్టి రాస్తున్నాను. నీళ్ళు మరుగుతూ ఉండాలి. అంచుదాకా నింపు. మూత బిగించి, తుడిచి, పాత పత్రికమీద తలకిందులుగా పావుగంట ఉంచు. కాగితంమీద చుక్క తడి కనబడినా వాడవద్దు. సంచిలో పెట్టిన తర్వాతే ఉయ్యాలలోకి. మూత ఎప్పుడూ బిడ్డ కాళ్ళకు అవతలి వైపు తిరిగి ఉండాలి. బుడ్డికీ బిడ్డకీ మధ్య జానెడు ఖాళీ. జానెడు అంటే నీ చేతిది, సీట్సె చేతిది కాదు.

దిమ్మలు లేవు. కొత్తవి చేస్తాను. మంచపు కోళ్ళ చుట్టుకొలత పంపు. నాలుగూ విడివిడిగా కొలువు. పాత మంచాలకు నాలుగు కోళ్ళూ ఒకలా ఉండవు.

నిన్న రాత్రి సున్నాకు తొమ్మిది కింద.

నాన్న


రిన్సుమ్, 15 డిసెంబరు 1962

నాన్నా,

పార్సిల్ వచ్చింది. గుడ్డలు ఇంకా అమ్మ బీరువా వాసనే వేస్తున్నాయి. ఉతకాలి. రేపు ఉతుకుతాను అని మూడు రోజులుగా అనుకుంటున్నాను.

దిమ్మలు లేవంటే ఏమిటి? ఇరవై అయిదేళ్ళు మెట్లకింద గూట్లో ఉన్నవి ఎక్కడికి పోతాయి? నీ పక్కింటి తెన్ హావె గారు పండుగ కార్డులో రాసింది: "మీ అమ్మగారి సామానంతా మాస్టారు ఎవరెవరికో ఇచ్చేసినట్టున్నారు, గూడు ఖాళీగా ఉంది." ఆవిడ మీ మెట్లకింద ఎందుకు తొంగిచూసిందో నాకు తెలియదు. కానీ చూసింది. ఇచ్చేసే ముందు నన్ను ఒక్కమాట అడగాలనిపించలేదా?

కొలతలు వేరే కాగితంమీద ఉన్నాయి. నాలుగూ విడివిడిగానే కొలిచాను. వెనక ఎడమది కొంచెం సన్నం. అత్తయ్య పక్కన నిలబడి, "మీ నాన్న లెక్కల మాస్టారు కదా, దిమ్మలకు బదులు సూత్రం రాసి పంపుతాడేమో, మంచం దానంతటదే లేస్తుంది" అంది. నవ్వాలో కోప్పడాలో తెలియక ఆవిడ చేతికే టేపు ఇచ్చాను.

బిడ్డ బాగా కదులుతోంది. ఇది నీకు రాయాలో లేదో కూడా తెలియడం లేదు. నువ్వు అడగలేదు.

యెన్నెకె


డెవెంటర్, 28 డిసెంబరు 1962

యెన్నెకె,

దిమ్మలు నాలుగు నిన్న రవాణా బండిలో వేశాను. ముప్పై అయిదు సెంటీమీటర్ల ఎత్తు. పైన కోడు కూర్చునేందుకు సెంటీమీటరు లోతు గుంట. వెనక ఎడమదానిమీద గీత పెట్టాను, దాన్ని సన్న కోడు కింద పెట్టు. మంచు వల్ల కలప అడితి మూసి ఉంది. బడి వడ్రంగి గదిలో బీచ్ చెట్టు చెక్క దొరికింది.

బిడ్డ కదలడం గురించి రాయవచ్చు.

తెన్ హావె గారు మంచి మనిషి. గూడు ఖాళీ అన్న మాట నిజం. మిగతాది కాదు.

పండుగ రోజు ఇంట్లోనే ఉన్నాను. ఆవిడ సూప్ తెచ్చి ఇచ్చింది.

నాన్న


రిన్సుమ్, 12 జనవరి 1963

నాన్నా,

రోడ్డుకి రెండు పక్కలా మంచు మనిషెత్తు ఉంది. దిమ్మలు పదకొండు రోజులు ఎక్కడో పడి ఉండి మంగళవారం వచ్చాయి. సీట్సె, అతని తమ్ముడు కలిసి మంచం ఎత్తి వాటిమీద పెట్టారు. చూడముచ్చటగా ఉన్నాయి, అంచులు కూడా నున్నగా తీశావు. గురువారం హాన్స్‌మా గారు ఇటు వస్తూ చూసిపోతానని ఆగింది. ఆవిడ పద్ధతి నీకు తెలుసుగా, అమ్మదీ అదే: మంచం అంచున తన బరువంతా వేసి కూర్చుని మూడుసార్లు ఊగుతుంది. మూడోసారి టప్పుమని చప్పుడు. పొయ్యి వైపు ఉన్న దిమ్మ నిలువునా చీలిపోయింది. మంచం ఆ మూలకి ఒరిగింది. ఆవిడ నేలమీద కూర్చుండిపోయింది.

చెక్క పచ్చిదట. పొయ్యి వేడికి ఆగలేదట. "పైన నేనున్నాను కాబట్టి సరిపోయింది" అంది లేచి దులుపుకుంటూ. "నువ్వు ఉండి ఉంటే?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

అమ్మ దిమ్మలు ఎన్ని పురుళ్ళు మోశాయి? ఒక్కటి చీలిందా? అవి ఎవరికిచ్చావో పేరు చెప్పు. నేనే వాళ్ళకి రాస్తాను, రెండువారాలకి అప్పుగా అడుగుతాను, నీ పేరు ఎత్తను.

నీకు ఇంకో మాట కూడా రాయాలి, పది నెలలుగా రాయలేదు. మార్చిలో నేను ఆసుపత్రినుంచి వచ్చిన వారానికి నీ ఉత్తరం వచ్చింది. "రావద్దు. అవసరం లేదు." అంతే ఉంది. పదకొండు రోజుల తర్వాత తంతి వచ్చింది. నేను వచ్చేసరికి అమ్మ ముందుగదిలో పెట్టెలో ఉంది. మేడమీద మీ గది తలుపు వేసి ఉంది. అవసరం లేదా, నాన్నా? ఎవరికి?

యెన్నెకె


డెవెంటర్, 16 జనవరి 1963

యెన్నెకె,

చెక్క ఆరిందో లేదో చూడకపోవడం నా తప్పు. నీకు ఏమీ కానందుకు

పై వాక్యం పూర్తి చేయలేను.

దిమ్మలు ఎవరికీ ఇవ్వలేదు. ఇంట్లోనే ఉన్నాయి. పంపలేను.

నాన్న


రిన్సుమ్, 20 జనవరి 1963

నాన్నా,

పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకర.

ఇంట్లోనే ఉన్నాయా! ఇంట్లో పెట్టుకుని లేవని రాశావా? నీ ఉత్తరం సీట్సెకి ఇచ్చాను, రెండుసార్లు చదివి, "మీ నాన్నకి ఏదో అయింది" అన్నాడు. అత్తయ్య మాత్రం, "ఆయన ఈ బిడ్డ బతికి బయటపడుతుందని నమ్మడం లేదేమో. పోయినావిడ సామాను వట్టిపోయే పురుటికి ఎందుకని" అంది. తర్వాత నా మొహం చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కానీ అనేసింది. అప్పటినుంచీ నాకు అదే వినబడుతోంది. అదేనా, నాన్నా? ఈసారి కూడా వట్టి చేతులేనని లెక్క వేశావా?

శుక్రవారం గడ్డకట్టిన కాలవలమీద పదకొండు ఊళ్ళ స్కేటింగు పందెం మా వైపునుంచే పోయింది. ఊరంతా డొక్కుమ్ కాలవగట్టుకి పోయింది. సీట్సె కూడా. వేలమంది బయల్దేరితే చివరిదాకా వెళ్ళినవాళ్ళు గుప్పెడు మందేనట. చలికి కళ్ళు మూతపడి ఒకరి కోటు ఒకరు పట్టుకుని నడిచారట. ఊళ్ళో మేమిద్దరమే ఉండగా మధ్యాహ్నం నాకు నొప్పులు మొదలయ్యాయి. అత్తయ్య ఇంట్లో ఉన్న గిన్నెలన్నిటిలో నీళ్ళు పెట్టింది. హాన్స్‌మా గారు గుర్రపుబండిలో, అదీ చక్రాలు తీసి మంచుమీద జారే బద్దలు వేసిన బండిలో వచ్చింది. ఉత్తుత్తి నొప్పులే. సాయంత్రానికి తగ్గాయి. కాలు కింద పెట్టవద్దంది.

లేవార్డెన్‌కి నిన్న డెయిరీ లారీ వెళ్ళడానికి నాలుగు గంటలు పట్టింది. దారిలో రెండుసార్లు పారలతో తవ్వారు. హాన్స్‌మా గారు చెప్పింది: శనివారానికి మంచం సరిగా లేకపోతే ఆదివారం నన్ను ఆ లారీలో ఎక్కించి ముందే ఆసుపత్రిలో చేర్పిస్తుందట, దారిలో పురుడు రావడంకంటే అది నయమట. సీట్సె ఇటుకలు పేరుస్తానన్నాడు. ఆవిడ అతని వంక చూసిన చూపుకి ఇటుకలే సిగ్గుపడ్డాయి.

ఇంక దిమ్మలు పంపవద్దు. నువ్వూ రావద్దు. అవసరం లేదు.

యెన్నెకె


డెవెంటర్, 23 జనవరి 1963

యెన్నెకె,

ఈ ఉత్తరంకంటే నేనే ముందు చేరవచ్చు. అయినా రాస్తున్నాను. ఎదురుగా కూర్చుని ఇది చెప్పలేను.

దిమ్మలు మంచం కింద ఉన్నాయి. మా మంచం కింద.

మార్చి అయిదున ఎత్తాం. వంగి చేయలేకపోతున్నానని అమ్మని చూసుకునే నర్సు అంది. అమ్మ కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చుని పని చేయించింది. "ఎవర్ట్, నువ్వు ఎత్తు, ఆమె తోస్తుంది. ముందు తల వైపు కుడి కోడు. నడుం కాదు, మోకాళ్ళు వంచు. పాతికేళ్ళుగా మగవాళ్ళకి ఇదే చెబుతున్నాను, ఒక్కడికీ తలకెక్కలేదు." అంతా అయ్యాక ఇద్దరం పట్టి ఎక్కించాం. కాసేపు పైకప్పు చూసింది. "పాతికేళ్ళ తర్వాత మళ్ళీ ఎక్కాను. ఈసారి చేతికి ఏమీ ఇవ్వరు" అంది. నర్సు బయటికి వెళ్ళిపోయింది.

నువ్వు బిడ్డను పోగొట్టుకున్న సంగతి సీట్సె రాశాడు. ఆమెకు చదివి వినిపించాను. నిన్ను పిలుస్తానన్నాను. వద్దంది. "దానికి ఈ మంచం చూపించకు. ఈ ఎత్తు మంచం అంటే బిడ్డ అనుకోవాలి అది. ఇంకోటి తెలియకూడదు. ఈస్టరుకి లేచి కూర్చుంటాను, అప్పుడు రమ్మను." లేచి కూర్చోదని ఆమెకు తెలుసు. నాకు తెలుసు. నేను రాసింది ఆమె మాట. కారణం రాయవద్దంది. రాయాల్సింది. నువ్వు వచ్చినప్పుడు మేడమీద తలుపు వేసింది నేను.

ఆమె పోయిన నాలుగో రోజున నర్సు రబ్బరు దుప్పటి తీసుకెళ్ళడానికి వచ్చింది. మంచం దించుదామా అంది. నేను చూసుకుంటానన్నాను. చూసుకోలేదు. పీట వేసుకుని ఎక్కి పడుకుంటున్నాను. ఆ ఎత్తునుంచి కిటికీలో బేకరీ పొగగొట్టం, చర్చి గోపురంలో సగం కనబడతాయి. చివరి మూడు వారాలు ఆమె చూసింది అదే. దించితే ఎదురింటి గోడ తప్ప ఏమీ కనబడదు.

నీ మొదటి ఉత్తరం వచ్చిన సాయంత్రం దించబోయాను. ఒకరివల్ల కాదు. ఒకరు ఎత్తాలి, ఒకరు దిమ్మ లాగాలి. ఆ రెండో మనిషిని పిలవలేకపోయాను. లేవని రాశాను. కొత్తవి చేస్తే సరిపోతుందనుకున్నాను.

బిడ్డ గురించి లెక్కలేమీ వేయలేదు. అడగకపోవడం నమ్మక కాదు. భయపడి.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. కోటు కూడా వేసుకోకుండా తెన్ హావె గారి తలుపు కొట్టాను. మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. "మాస్టారూ, పది నెలలుగా ఈ అటకమీద పడుకుంటున్నారా? పడితే ఆ తుంటి ఎవరు అతుకుతారు?" అంది. తర్వాత ఎందుకో ఆవిడకే అర్థమయింది. జాకెట్టు చేతులు పైకి మడిచింది. "ఎత్తేది నేనా, లాగేది నేనా?" అని మాత్రం అడిగింది. ఆవిడ ఎత్తింది. నాకంటే బలంగా ఉంది. నేను లాగాను. మెట్లు దిగుతున్నప్పుడు, గూడు ఖాళీ అని నీకు రాసినందుకు క్షమించమంది. మెట్లకింద తన పిల్లిని వెతుకుతుంటే కనబడిందట.

శనివారం రెండు పూటలు సెలవు అడిగాను. పొద్దున ఏడుంబావు రైలు. లేవార్డెన్ దాకా వస్తాను. బస్సులు లేవని స్టేషనులో చెప్పారు. సీట్సె లారీ అక్కడికి వస్తే ఎక్కుతాను, రాకపోతే నడుస్తాను. రెండు సంచులు, సంచికి రెండు. ఓక్ చెక్క, ఆరి ముప్పై ఏళ్ళు అయింది.

నువ్వు రావద్దన్నావు. ఒకసారి ఆ మాట విన్నాను.

నాన్న


రిన్సుమ్, 18 ఫిబ్రవరి 1963

నాన్నా,

సీట్సె తంతి ఇచ్చాడు కాబట్టి ఆడపిల్ల అని, తొమ్మిదో తేదీ మధ్యాహ్నమని, మూడు కిలోల రెండు వందలని నీకు తెలుసు. మిగతాది నేను రాస్తాను. ఇవాళే కూర్చోనిచ్చారు.

ఆ శనివారం నువ్వు కనుబొమ్మలమీద మంచు గడ్డకట్టి గుమ్మంలో నిలబడితే, అత్తయ్య, "లోపలికి రండి, కరిగాక ఎవరో చూస్తాం" అంది గుర్తుందా? ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ అదే చెబుతోంది. నీ ఉత్తరం సోమవారం వచ్చింది, నువ్వు వెళ్ళిన మర్నాడు. నువ్వు ఉన్న ఆ ఒక్కరోజూ మనిద్దరం బుడ్ల గురించి, దిమ్మల గురించి తప్ప మాట్లాడుకోలేదు. ఉత్తరం చదివాక ఆ మంచంమీద పడుకోగలనా అని ఒక పూట అనుకున్నాను. తర్వాత ఎక్కాను. మా కిటికీలోంచి డెయిరీ గొట్టం, గట్టు, దాని పైన చాలా ఆకాశం కనబడతాయి.

నొప్పులు ఆరు గంటలు. హాన్స్‌మా గారు వంగకుండానే పని కానిచ్చింది. దిమ్మలు కిర్రుమనలేదు. నా చేతికి ఇచ్చారు, నాన్నా. వెంటనే, తుడవకుండానే ఇచ్చారు.

పేరు అలైడా, అమ్మ పేరే. సీట్సె వాళ్ళమ్మ పేరు కూడా అనుకున్నాం, కానీ ఆవిడే, "పోయినావిడతో నేను పోటీ పడతానా? నాకు రెండోది ఉందిగా" అంది. రెండోది ఎప్పుడో నాకు చెప్పలేదు.

బుడ్డి మూత కాళ్ళకు అవతలి వైపే ఉంది. జానెడు నా చేతిదే. నర్సు వాసన చూసి, "ఈ గుడ్డలు ఎవరివి, ఇంత బాగా మడత పెట్టినవి?" అని అడిగింది. చివరికి ఉతికాను. వాసన పోలేదు.

రేపటికి పదిరోజులు. మంచం దించేయాలంటోంది నర్సు. సీట్సె ఎత్తుతానన్నాడు, తమ్ముడు లాగుతాడట. ఆగమన్నాను. ఎందుకని అడిగితే చెప్పలేదు. నీకు చెప్పక్కర్లేదనుకుంటున్నాను.

పక్కవీధి హిల్కెకి మార్చిలో నెలలు నిండుతాయి. ఆమె మంచమూ పీటే.

యెన్నెకె


డెవెంటర్, 20 ఫిబ్రవరి 1963

యెన్నెకె,

ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివాను.

నిన్న తరగతికి రస్కులు, వెన్న, సోంపు మిఠాయి పట్టుకెళ్ళాను. ముప్పై ఇద్దరు. ఎందుకు సార్ అన్నారు. మనవరాలు అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ గంటలో పాఠం జరగలేదు. తెన్ హావె గారికి రెండు రస్కులు ఇచ్చాను, పిల్లికి వెన్న.

మంచం కిందికి వచ్చాక మొదటి వారం దిగేటప్పుడు కాలు నేలకోసం తడుముకునేలోపే నేల తగిలి ఉలిక్కిపడేవాణ్ణి. ఇప్పుడు అలవాటయింది. ఎదురింటి గోడమీద మంచు కరుగుతోంది. అదీ చూడదగ్గదే.

దిమ్మలు ఇక్కడికి తేవద్దు. మీ ఊరి సంఘానికి ఇవ్వు. మూడో జత లేదన్నావు. ముందు హిల్కెకి.

శనివారం వస్తాను. అదే రైలు. అప్పటిదాకా మంచం ఎవరూ ముట్టుకోవద్దు. సీట్సె ఎత్తుతాడు, నేను లాగుతాను. నువ్వు పిల్లని ఎత్తుకుని కుర్చీలో కూర్చుని ఏది ముందో చెప్పు.

తల వైపు కుడి కోడు.

నాన్న